పార్కింగులో నీ కారు గురించి

అమ్మలూ,

ఆదివారం మీ నాన్న తెనాలి నుంచి ఫోను చేసి, "నీ మేనకోడలు పిస్టల్ కొన్నదట, విన్నావా?" అన్నాడు. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. దీపావళికి పక్కింటి పిల్లలు రీలు తుపాకీ పేలిస్తే నా కొంగులో దూరి చెవులు మూసుకున్న పిల్లవు నువ్వు. ఇప్పుడు హ్యూస్టన్‌లో ఆసుపత్రి రాత్రి డ్యూటీ దిగి, తెల్లవారకముందే పార్కింగు నాలుగో అంతస్తులోని కారు దాకా ఒంటరిగా నడుస్తున్నావు. ఎందుకు కొన్నావో నాకు అర్థమయింది. శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు చేతికి వచ్చాకే కొన్నావని విని గర్వపడ్డాను కూడా.

చట్టం నీ పక్షానే ఉంది. టెక్సాస్‌లో 2011 సెప్టెంబరు 1 నుంచి, చట్టబద్ధంగా తుపాకీ ఉన్న ఉద్యోగి దాన్ని తాళం వేసిన సొంత కారులో, పనిచేసే చోటి పార్కింగులో ఉంచుకోవచ్చు. యాజమాన్యం కాదనకూడదు. భవనంలోకి తేవద్దని మాత్రం అనవచ్చు, కాబట్టి హ్యాండ్‌బ్యాగులో మరచిపోయి లోపలికి వెళ్లకు. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కారులో పెట్టకు, దానికి ఈ రక్షణ లేదు. రేపు కాలిఫోర్నియాలో ఉద్యోగం వస్తే ఈ చట్టం నీ వెంట రాదు.

ఈ హక్కు ఊరికే రాలేదు. 2002లో ఓక్లహామాలోని వేలియంట్ కాగితం మిల్లులో పార్కింగులోని కార్లను సోదా చేసి, తుపాకులు దొరికిన కార్మికులను ఉద్యోగాల నుంచి తీసేశారు. ఆ గొడవ మీదే 2004లో ఆ రాష్ట్రం ఇలాంటి చట్టం చేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2009లో ఫెడరల్ (అమెరికా కేంద్ర) అప్పీలు కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఆ తీర్పు వార్త చదివి నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఎందుకో మీ నాన్నకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

1999లో నేను ల్యాబులో పనిచేస్తున్నాను. నాకూ లైసెన్సు ఉంది, నాకూ పిస్టల్ ఉంది. కంపెనీ నిబంధనల పుస్తకంలో మాత్రం పార్కింగులోకి ఆయుధం తెస్తే ఉద్యోగం పోతుందని రాసి ఉంది. అయినా డ్యాష్‌బోర్డు అరలో పెట్టి, పైన టిష్యూ పేపర్లు కప్పి వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం వచ్చేసరికి కారు అద్దం పగిలి ఉంది. గాజు ముక్కలు పటికబెల్లం పలుకుల్లా బాబు సీటు నిండా పడి ఉన్నాయి. అర తలుపు వేలాడుతోంది. టోలు కోసం ఉంచిన చిల్లర అలాగే ఉంది, వెంకటేశ్వరస్వామి పటం అలాగే ఉంది. పిస్టల్ లేదు.

సెక్యూరిటీ అతను వచ్చి ఏమి పోయిందని అడిగాడు. "ఏమీ లేదు, అద్దమే" అన్నాను.

అదే నా తప్పు. ఉద్యోగం పోతే ఇంటి అప్పు ఎలా తీరుతుందన్న భయం. నాలుగు రోజుల తరువాత మీ మావయ్య బలవంతం మీద పోలీసు స్టేషనుకు వెళ్లాను. సీరియల్ నంబరు చెప్పమన్నారు. ఎక్కడా రాసుకోలేదు. బిల్లు కోసం ఇల్లంతా వెతికితే దొరకడానికి ఇంకో వారం పట్టింది. పిస్టల్ మాత్రం ఈనాటికీ దొరకలేదు. ఆ బాబు సీటు మడతల్లో నెలల తరబడి గాజు తగులుతూనే ఉండేది. ఊళ్లో ఎక్కడ కాల్పులు జరిగాయని విన్నా, ఏ పిల్లవాడి చేతిలో ఏ పిస్టల్ ఉందోనని ఇప్పటికీ టీవీ ముందు నిలబడిపోతాను.

నీకు ఆ భయం అవసరం లేదు తల్లీ. కారులో ఉంచుకున్నందుకు నిన్ను ఉద్యోగం నుంచి తీసే వీలు లేదు. అందుకే, పోయిందని తెలిసిన నిమిషంలోనే పోలీసులకు ఫోను చెయ్యి. నంబరు ఈ రోజే రాసి నాకు ఒక కాపీ పంపు. సీటు కింద ఇనుప గొలుసుతో బిగించే తాళం పెట్టె కొను, డ్యాష్‌బోర్డు అర మాత్రం వద్దు. కారు వెనుక తుపాకీ కంపెనీ స్టిక్కరు అంటించావట, మీ అమ్మ చెప్పింది. అంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. ఇంటికి వెళ్లగానే గీకి పారెయ్యి!

అన్నిటికన్నా నాకు నీ తమ్ముడి గురించి బెంగ. నీకు గ్రీన్ కార్డు ఉంది. వాడు ఇంకా స్టూడెంటు వీసా మీదే ఉన్నాడు. వేట లైసెన్సులాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప, ఆ వీసా మీద ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ నేరం. వాడు శనివారాల్లో నీ కారు తీసుకుని కూరగాయలకు వెళ్తాడు కదా? ఆ పెట్టె కారులో ఉండగా తాళాలు వాడి చేతికి ఇవ్వకు. వాడు అలుగుతాడు, అలగనీ. వాడి చదువు, వాడి వీసా నీ చేతిలో ఉన్నాయి.

బుధవారం నీకు సెలవు కదా, నేను వస్తున్నాను. పెట్టె ఇద్దరం కలిసి బిగిద్దాం. గోంగూర పచ్చడి కలిపి ఉంచాను, సీసా తెస్తాను.

నీ మేనత్త