ముందు గుమ్మం సంగతి చూడు

చిరంజీవి సౌమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఎంత సర్దినా ఇల్లు తెమలడం లేదు, కొన్నదాని సంతోషం రెండ్రోజులు కూడా నిలవడం లేదు అన్నావు. సర్దడంతో తెగేది కాదమ్మా ఇది. సర్దితే సామాను చోటు మారుతుంది, తగ్గదు. లోపలికి వచ్చేదాన్ని ఆపాలి. అందుకని ముందే డబ్బాలూ బుట్టలూ కొనకు. కొన్నాక వాటిని నింపడానికి మళ్ళీ ఏదో కొనాలనిపిస్తుంది.

మొదటి నెల ఏదీ పారేయొద్దు. వంటింటి తలుపుకి ఓ కాగితం అంటించి, పాలూ కూరలూ తప్ప ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ రాయి. ఫోన్లో చూసి కొనాలనిపించినదీ అక్కడే రాసి, పక్కన తేదీ వేసి వారం ఆగు. పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు చేసే నష్టం ఒక్క డబ్బుదే కాదు. కొత్తిమీర కట్ట కోసం తెరుస్తాం, డెలివరీ ఛార్జీ తప్పించుకోడానికి ఇంకో మూడు వస్తువులు వేస్తాం, అవి పెట్టడానికి చోటు వెతుకుతాం. కూరలకి వారానికోసారి రైతుబజారు చాలు. ఆకుకూరలు మొదటి రెండ్రోజుల్లో, బెండ, వంకాయ మధ్యలో, దొండ, క్యాబేజీ, కంద చివరికి వచ్చేలా వండుకుంటే ఏదీ కుళ్ళదు.

అసలు బరువు వంటింట్లో ఉంటుంది. ఇద్దరికీ నెలకి బియ్యం 8 కిలోలు, కందిపప్పు కిలోన్నర, మినప్పప్పు కిలో, ఇడ్లీ రవ్వ 2 కిలోలు, నూనె 2 ప్యాకెట్లు, చింతపండు అరకిలో, బొంబాయి రవ్వ అరకిలో. ఇది మొదటి లెక్క మాత్రమే. నెలాఖరున మిగిలినదాన్ని బట్టి తగ్గించుకో. ఒకటి కొంటే ఒకటి ఉచితమని తెచ్చిన పిండికి మీ ఇద్దరి ఇంట్లో సాధారణంగా పురుగే పడుతుంది.

చాలామంది చేసే పొరపాటు, పాత పప్పు మీదే కొత్త ప్యాకెట్టు పోసెయ్యడం. అడుగుది నెలల తరబడి అడుగునే ఉండిపోయి ముక్కిపోతుంది, దానికి పట్టిన పురుగు పైదానికీ ఎక్కుతుంది. పాతది పళ్ళెంలోకి తీసి, డబ్బా పొడిగుడ్డతో తుడిచి, కొత్తది అడుగున పోసి, పాతది పైన వెయ్యి. డబ్బా కడిగితే ఎండలో పూర్తిగా ఆరాకే నింపు. బొంబాయి రవ్వ దోరగా వేయించి పెట్టుకుంటే త్వరగా పురుగు పట్టదు. వేడిమీద మూత పెట్టావంటే ఆవిరికి ఉండలు కడుతుంది.

రోజూ సగం అలసట ఏం వండాలా అన్న ఆలోచనతోనే వస్తుంది. టిఫిన్లు ఖాయం చేసుకో. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఎండాకాలం ఐదారు గంటల్లో పులుస్తుంది, చలికాలం రాత్రంతా పడుతుంది. పులిసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు. రెండ్రోజులు ఇడ్లీ, మూడోరోజు పులుపెక్కిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి దిబ్బరొట్టె. మిగతా రోజులు ఉప్మా, అటుకులు. విసుగనిపిస్తే పచ్చడి మార్చు, టిఫిన్ మార్చకు.

బట్టలకి తేలిక దారి ఉంది. ఉగాది నుంచి, ఉతికి మడిచినదాన్ని అరలో కుడివైపే పెడుతూ రా. దసరాకి ఎడమవైపు మిగిలినవి నువ్వు కట్టనివి. పట్టుచీరలకి ఈ లెక్క వర్తించదు. వాటిని పాత నూలుపంచెలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చు. ఒకే మడతలో ఉంచితే జరీ అక్కడే చిట్లుతుంది. కలరా ఉండలు జరీకి తగలనీయకు. తీసేసిన బట్టలు మాత్రం స్టీలు సామానువాడికి వెయ్యకు. చీర వెళ్తుంది, గిన్నె వస్తుంది! వాటిని కట్టుకునేవాళ్ళు ఎదురుగా ఉంటే ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వు. చిరిగిన నూలు చీరలు బొంతకి.

శ్రావణమాసంలో పేరంటానికి ప్లాస్టిక్ డబ్బాలు పంచడం నాకైతే నచ్చదు. తమలపాకులు, వక్క, అరటిపండు, నానబెట్టిన శనగలు చాలు. నీకు అక్కర్లేని డబ్బా ఇంకొకరికి అంటగట్టడం శుభ్రం చేయడం కాదు.

ఫోన్లో చూడాల్సింది ఆటోపే, అంటే నెలనెలా నీ ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్ళిపోయే ఏర్పాటు. నువ్వు వాడే యూపీఐ యాప్‌లో ఆ విభాగం తెరిస్తే ప్రతి నెలా దేనికి డబ్బు కోస్తున్నారో వరసగా కనిపిస్తుంది. యాప్ తీసేసినంత మాత్రాన కోత ఆగదు, అక్కడికెళ్ళి రద్దు చెయ్యాలి. నెల ఉచితం అని మొదలయ్యేవి చాలావరకు ఇందులోనే దొరుకుతాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీయడానికి 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ప్రకటనల గుంపులో అది మునిగిపోతుంది కాబట్టి 1909కి ఫోన్ చేసి ప్రచార కాల్స్, మెసేజ్‌లు ఆపించు. బ్యాంకు ఓటీపీలకి అడ్డు రాదు.

మాఘంలో పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ ఒకేరోజు నాలుగు పడతాయి. దగ్గరవాళ్ళవి రెండు ఎంచుకుని తీరిగ్గా కూర్చుని రా. మిగతావాళ్ళ ఇంటికి ముందురోజే వెళ్ళి అక్షింతలు వేసి వస్తే ఎవరూ నొచ్చుకోరు. నాలుగింటికీ పరిగెత్తినవాళ్ళు ఏ భోజనమూ రుచి చూడరు.

చివరిగా ఒకటి. అల్లుడి అర జోలికి వెళ్ళకు. ఆ పాత ఛార్జర్లూ వైర్లూ నీ కంటికి చెత్తే, కానీ పారేసిన మర్నాడే అందులో ఒకటి కావాల్సి వస్తుంది, అక్కడితో ఈ పని మీదే ఇంట్లో నమ్మకం పోతుంది. అతనికో అర వదిలేసి, తలుపు వేసి ఉంచు. నీ వైపు ఖాళీ అయ్యాక తనే వచ్చి అడిగితే, అప్పుడు ఇద్దరూ కూర్చుని చూడండి.

ఇట్లు,
పెద్దమ్మ