18 నిండాక అమ్మ సంతకం చెల్లదా?

మీ బాబుకి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు కదలికలు అదుపులో ఉండని వైకల్యం), జూన్‌లో 18 నిండుతాయి, "కన్నతల్లిని నేనుండగా గార్డియన్ కాగితం దేనికి?" అని అడిగారు. నేనూ అచ్చం ఇలాగే అనుకుని ఏడాది పోగొట్టుకున్నానండీ.

మా వాడు మేజర్ అయ్యాడు కాబట్టి ఇక నా సంతకం చెల్లదని బ్యాంకులో అన్నారు. వాడి వేలిముద్ర కావాలన్నారు. వాడి బొటనవేలు ఎప్పుడూ అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటుంది. కౌంటర్ ముందు వీల్‌చైర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో వేలూ విప్పుతుంటే వాడు బిగుసుకుపోయి ఏడ్చేశాడు. ఇంకు వాడి చొక్కాకీ నా చీరకీ అంటింది, కాగితం మీద మాత్రం ముద్ర పడలేదు. ఇన్నేళ్లూ తినిపించి, స్నానం చేయించి పెంచినదాన్ని, ఆ రోజు కాగితాల్లో ఎవరినీ కాకుండా పోయాను.

తల్లిదండ్రుల గార్డియన్ హక్కు 18తో ఆగిపోతుంది. అందుకే మిమ్మల్ని బాబుకి గార్డియన్‌గా నియమించమని 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది. కోర్టుకు వెళ్లక్కర్లేదు. కలెక్టర్ స్థాయి అధికారితో పాటు ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు కమిటీలో ఉంటారు. వాళ్లిచ్చే సర్టిఫికెట్‌ను ఒప్పుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2007లోనే బ్యాంకులకు చెప్పింది. సర్టిఫికెట్ వచ్చాక ఆరు నెలల్లోపు బాబు ఆస్తుల జాబితా, ఆపైన ఏటా జమాఖర్చుల లెక్క ఇవ్వాలి. నేను మొదటి రోజు నుంచీ ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి.

చూసుకునేవాళ్లకు డబ్బులేమైనా వస్తాయా అనీ అడిగారు. ఆంధ్రలో పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 పెన్షన్ ఉంది, కానీ అది బాబుకి వచ్చేది. మా ఇంట్లో డైపర్లకీ ఫిజియోథెరపీకీ సరిపోతుంది. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షణ భత్యం కూడా ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద చూసుకునే మనిషికే నెలకు 600 ఇస్తున్నారు. చిన్న మొత్తమే, అయినా ఆ తల్లి చేసేది కూడా పనేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కదా! మనకూ అలాంటిది కావాలని కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాను. మీరూ పెట్టండి.

అన్నిటికంటే ముందు, బాబు సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ పత్రం) తాత్కాలికమో శాశ్వతమో ఇవాళే చూడండి. తాత్కాలికమైతే రెన్యువల్‌కి ఇప్పుడే స్లాట్ బుక్ చేసుకోండి. మాకు దానికే రెండు నెలలు పట్టింది.