జిహ్వకో రుచి సరే, అందం మీద వాదన ఎందుకంటే

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. అందం చూసేవారి కంటిలోనే ఉంటే ఒక బొమ్మ గొప్పదని, మరొకటి కాదని వాదించుకోవడం దేనికన్నది మొదటిది. కూలి కోసం చేసిన పనిని కళ అనవచ్చా అన్నది రెండోది. "ఎవరికి నచ్చింది వారికి అందం, అంతే" అని మీ అమ్మాయి తేల్చేసిందని కూడా రాశారు. ఆ మాటను నేను ఒప్పుకోను. తత్వశాస్త్రం చదువుకున్నాను కాబట్టి ఆ వైపు నుంచి కొంత చెబుతాను. నరసాపురం దగ్గర లేసు అల్లే ఇంట్లో పెరిగాను కాబట్టి ఆ వైపు నుంచి ఎక్కువ చెబుతాను.

ముందు పులస సంగతి. వరద గోదావరికి ఎదురీది వచ్చే పులస కోసం పుస్తెలైనా అమ్ముకోవచ్చని మా వైపు సామెత. మా ఇంట్లోనే దాని వాసన గిట్టనివారున్నారు. పులుసు కాచిన రోజు వారికి వేరే కూర చేస్తాం గానీ కూర్చోబెట్టి వాదించం. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. కానీ అదే మనిషి రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాల నుంచి బయటికి వచ్చి "ఇందులో ఏముంది, పాతకాలపు బొమ్మలు" అంటే నేను ఊరుకోలేను. చేయి పట్టుకుని మళ్లీ లోపలికి తీసుకెళ్తాను. చేప విషయంలో "నాకు నచ్చింది" అన్నంతటితో మాట ముగుస్తుంది. బొమ్మ విషయంలో అలా ముగియదు. నాకు కనిపించింది నీకూ కనిపించాలన్న పట్టుదల ఆ మాటలోనే ఉంటుంది.

జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1790లో వెలువడిన గ్రంథంలో పట్టుకున్నది ఈ తేడానే. ఆయన చెప్పిన ఉదాహరణ కెనరీ దీవుల మద్యం. అది బాగుందనేవారు "నాకు" అన్న మాట చేర్చి చెప్పాలి, చేర్చమంటే వారికి అభ్యంతరమూ ఉండదు. ఒక భవనాన్నో కవితనో చూపి "ఇది నాకు అందమైనది" అంటే మాత్రం నవ్వులాటగా ఉంటుందంటాడు. అందమైనదని అన్నామంటే అందరి తరఫునా అన్నట్టే. అయితే దాన్ని లెక్క రుజువు చేసినట్టు రుజువు చేయలేమని కూడా ఆయనే అన్నాడు. ఫలానా లక్షణాలున్నాయి కాబట్టి ఇది అందమైనదని ఒప్పుకో అంటే ఎవరూ ఒప్పుకోరు. తమ కళ్లతో చూసుకోవాల్సిందే.

రుజువు కుదరనప్పుడు వాదన ఎలా సాగుతుంది? వేలు పెట్టి చూపించడం ద్వారా సాగుతుంది. మా మేనత్తను ఒకసారి ఆ చిత్రశాలకు తీసుకెళ్లాను. ఆమె పెద్దగా చదువుకోలేదు, బొమ్మల గురించి ఎవరూ ఆమెకు చెప్పింది లేదు. చాలా పటాలను దాటుకుంటూ నడిచి, ఒక స్త్రీ బొమ్మ దగ్గర ఆగిపోయింది. "చూడవే, ఈ గీత భుజం దగ్గర మొదలై కుచ్చిళ్ల దాకా వచ్చింది, మధ్యలో ఎక్కడా చేయి ఎత్తినట్టు లేదు" అంది. అప్పటిదాకా రంగుల మీద ఉన్న నా చూపు ఆ మాటతో గీత మీదికి మళ్లింది. ఆమె నాకు ఏమీ నిరూపించలేదు. ఉన్నదాన్ని చూపించింది, అంతే. నాకు తెలిసిన మంచి కళావిమర్శ అంతా ఆ ఒక్క పనే చేస్తుంది. ఆ గీత గీసిన రామారావు 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే మశూచితో పోయాడని తెలిసి మా అత్త చాలాసేపు మాట్లాడలేదు. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ చేతిలోని శక్తిని గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లేలా ప్రోత్సహించాడు. గుర్తించగల కన్ను ఒకటి సమయానికి దగ్గర లేకపోతే ఆ బొమ్మలు మనకు దక్కేవి కావేమో.

మరి అలాంటి కన్ను పుట్టుకతో వస్తుందా? రాదు. ఈ మాట నేను లేసు చూసి చెబుతున్నాను.

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో క్రోషె లేసు అల్లకం 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. సన్నని నూలు దారం, కొస వంగిన సూది, అంతకు మించి సరంజామా ఏమీ ఉండదు. వంటపని అయ్యాక అరుగు మీదికి చేరి ఆడవాళ్లు అల్లుతారు. విడివిడి పువ్వులు అల్లడాన్ని చేతిపని అంటారు. వాటిని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేయడం అతుకుపని. మా అమ్మది అతుకుపని. రకరకాల ఊళ్ల నుంచి, రకరకాల చేతుల నుంచి వచ్చిన పువ్వులు ఆమె ఒళ్లోకి చేరేవి. ఒక్కో పువ్వును బొటనవేలితో నొక్కి చూసి కుప్పలుగా విడదీసేది. ఏ కుప్ప ఎందుకని అడిగితే "దీని బిగువు వేరు, చేయి వేరు" అనేది. నా కంటికి అన్నీ ఒకేలా ఉండేవి. పొరుగింటావిడ ఒకసారి ఇదంతా చాదస్తమని తీసిపారేసి, దొరికిన పువ్వులు దొరికినట్టు కలిపి అతికేసింది. ఆ గుడ్డను ఉతికి గంజి పెట్టి ఆరవేస్తే బిగువు పువ్వులు ఉన్నచోట లాక్కుపోయి, వదులువి ఉన్నచోట ఉబ్బి, మధ్యలో ముడతలు తేలాయి. ఇస్త్రీకి కూడా లొంగలేదు.

స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచికి ప్రమాణం ఉందా అన్న విషయం మీద ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక స్పానిష్ నవలలోని కథను వాడుకున్నాడు. ఇద్దరు రుచిగాళ్లను పీపాలోని మద్యం రుచి చూడమంటారు. మంచిదే గానీ కాస్త తోలు వాసన ఉందని ఒకడు, ఇనుము రుచి తగులుతోందని ఇంకొకడు అంటారు. అందరూ వారిని చూసి నవ్వుతారు. పీపా ఖాళీ చేశాక అడుగున తోలుపట్టీ కట్టిన పాత తాళంచెవి ఒకటి బయటపడుతుంది. ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు మా పెరట్లో తీగ మీద ముడతలు తేలిన ఆ గుడ్డే గుర్తొచ్చింది. పదిమందికి తెలియని తేడా ఒకరికి తెలిసిందంటే అది ఆ ఒకరి భ్రమ కానక్కరలేదు. తేడా వస్తువులోనే ఉంది. దాన్ని పసిగట్టే స్పర్శ అమ్మకు అభ్యాసంతో, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చడంతో వచ్చింది. హ్యూమ్ కోరేవాటిలోనూ ఆ రెండూ ఉన్నాయి.

అయితే హ్యూమ్ కథ నాకు పూర్తిగా తృప్తినివ్వదు. తాళంచెవి దొరకడం వల్ల లోపం ఉందని తేలింది. లోపం లేనంత మాత్రాన అందం వచ్చేస్తుందా? యంత్రం మీద తయారైన లేసు బజారులోకి వచ్చినప్పుడు ఎవరో ఒక ముక్క తెచ్చి అమ్మకు చూపించారు. బిగువు మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే, ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. అమ్మ తిరగేసి బోర్లేసి చూసింది. "తప్పు లేదు. ఒకసారి చూస్తే చాలు" అని మడిచి ఇచ్చేసింది. యంత్రం చేసిందన్న చిన్నచూపు కాదది. చేత్తో అల్లిన వాటిలోనూ ఎన్నింటినో అదే మాటతో పక్కన పెట్టడం చూశాను.

ఆ "ఒకసారి చూస్తే చాలు" అన్న మాటకు శాస్త్రం మా పొరుగు కోనసీమ మనిషే రాశాడు. 17వ శతాబ్దపు జగన్నాథ పండితరాయలది ముంగండ. రమణీయమైన అర్థాన్ని ఇచ్చే శబ్దమే కావ్యమని రసగంగాధరమనే అలంకారశాస్త్ర గ్రంథంలో నిర్వచించాడు. రమణీయత అంటే ఏమిటని తానే ప్రశ్నించుకుని, లోకోత్తరమైన ఆహ్లాదాన్ని పుట్టించే జ్ఞానానికి విషయం కావడమని చెప్పాడు. ఆ ఆహ్లాదానికి కారణం భావన అన్నాడు. భావన అంటే మళ్లీ మళ్లీ అనుసంధానం చేయడం, మనసును పదేపదే దానిమీద నిలపడం. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే విలువైన మాట ఇదే. అందం ఒక్క వస్తువులోనే ఉంటే ఒక్క చూపుకే మొత్తం చేతికి రావాలి. ఒక్క కంటిలోనే ఉంటే ఏ వస్తువు దగ్గరైనా అదే పుట్టాలి. రెండూ జరగడం లేదు. మనం ఎన్నిసార్లు తిరిగి వెళ్లినా మళ్లీ ఏదో ఒకటి ఇచ్చే వస్తువు ఒకటి ఉండాలి, తిరిగి వెళ్లే ఓపిక మనకు ఉండాలి. సంస్కృత కవి మాఘుడు కొండను వర్ణిస్తూ, క్షణక్షణానికీ కొత్తదయ్యేదే రమణీయత రూపమన్నాడు. ఆ శ్లోకం అందరికీ నోటికి వచ్చు గానీ, కొత్తదనం చూడటానికి ముందు ఆ క్షణాలపాటు అక్కడ నిలబడాలన్న సంగతి మరిచిపోతుంటారు.

ఇక కూలి విషయం. ఇక్కడే నాకు కోపం వస్తుంది. అందాన్ని చూసేటప్పుడు ఆ వస్తువుతో మనకు లాభాపేక్ష ఉండకూడదని కాంట్ అంటాడు. పండితరాయలు అంతకు నూరేళ్లకు పైగా ముందే ఇంకా చక్కటి ఉదాహరణతో చెప్పాడు. "నీకు కొడుకు పుట్టాడు", "నీకు ధనం ఇస్తాను" అన్న మాటలు వింటే ఆనందం కలుగుతుంది, కానీ అది లోకోత్తరం కాదన్నాడు. ఈ మాటలు పట్టుకుని కొందరు, కూలి కోసం అల్లే మనిషికి అందం తెలిసే అవకాశమే లేదని, ఆమెది ఒట్టి చేతిపనేనని తీర్మానిస్తారు. శాస్త్రంలో అలా లేదు. ఆనందాల మధ్య తేడా చెప్పారు గానీ, మనుషులను రెండు జాతులుగా విడదీయలేదు. ఆ పండితరాయలే షాజహాన్ కొలువులో బిరుదు పొంది బతికాడు. నా కోరికలు తీర్చగలిగితే ఢిల్లీశ్వరుడో జగదీశ్వరుడో తీర్చాలి, మిగతా రాజులు ఇచ్చేది కూరకో ఉప్పుకో సరిపోతుందన్న శ్లోకం ఆయన పేరు మీదే వాడుకలో ఉంది. డబ్బు అవసరం ఉన్న మనిషే డబ్బుకు అతీతమైన ఆనందాన్ని అంత సూక్ష్మంగా విడదీసి చూపించాడు. మా అమ్మ కూడా కూలి కోసమే పువ్వులను ఒళ్లో పోసుకుంది. కూలి ఆమెను లేసు దగ్గరికి తెచ్చింది. కానీ అతుకు పూర్తయ్యాక, దాన్ని తీసుకెళ్లే ఏజెంటు వచ్చేలోగా, గుడ్డను మంచం మీద పరిచి గుమ్మం దగ్గర నిలబడి చూసేది. ఆ చూపుకు ఎవరూ కూలి ఇవ్వలేదు.

నన్ను బాధించేది వేరే ఉంది. చేతిపని చేసేవారికి ఆ చూపు కూడా దక్కదు. ఒకే రకం పువ్వును రోజుల తరబడి అల్లి, కట్టలు కట్టి ఇచ్చేస్తారు. అది ఏ గుడ్డలో చేరిందో, ఎంత పెద్ద వలయంలో ఎక్కడ కూర్చుందో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుందో వారికి తెలియదు. ముక్కలు ముక్కలుగా చేయించే పద్ధతి వారి కూలిని తగ్గించడమే కాదు, మొత్తాన్ని చూసే అవకాశాన్నే తీసేసింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఊరి పేరు నిలిచింది. పువ్వు అల్లిన చేతికి పూర్తయిన గుడ్డను ఒక్కసారి చూపిస్తే బాగుండునని నాకుంది. ఇది కళ అవునా కాదా అని తర్కించే పుస్తకాల కంటే అది ఆ మనిషికి ఎక్కువ మేలు చేస్తుంది.

మొత్తాన్ని చేసినవారే చూసుకునే కళ ఎలా ఉంటుందో తెలియాలంటే కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి వెళ్లండి. పదకొండు ఊళ్ల రుద్రులు అక్కడికి ప్రభల మీద వస్తారు. వెదురు వంచి, రంగురంగుల గుడ్డలు చుట్టి, ఊరివాళ్లే కట్టుకున్న ప్రభలు అవి. భుజాల మీద మోసుకుంటూ పచ్చని చేలకు అడ్డం పడి వస్తారు. గంగలకుర్రు ఊరివారు కౌశిక కాలువ నీళ్లలోకి దిగి దాటిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా వెళ్లింది ఈ తీర్థమే. నేను అక్కడ చెవి పెట్టి వినేది జనం మాటలను. ఈ ఏడు ఆ ప్రభ ఎత్తు పెరిగింది గానీ భుజాలు సరిపోలేదని, ఈ ఎరుపు పక్కన ఆ పసుపు పడకుండా ఉండాల్సిందని, వంపు ఫలానా ఊరిదే కుదిరిందని ముసలివాళ్లు, కుర్రవాళ్లు వాదించుకుంటారు. ఎవరూ "మీకు నచ్చింది మీది, మాకు నచ్చింది మాది" అని లేచిపోరు. ఇంకోవైపు నుంచి చూడు అంటారు. ఊరి అభిమానం అందులో ఉంటుంది, నిజమే. అయినా పొరుగూరి ప్రభ బాగుందని ఒప్పుకున్న పెద్దవాళ్లను చూశాను, అప్పుడు ఎవరూ వారిని తప్పుపట్టలేదు.

మీ అమ్మాయితో ఏం చేయమంటారని అడిగారు కదా. అభిరుచి గురించి ఆమెతో వాదించకండి. సెలవుల్లో రాజమహేంద్రవరం తీసుకెళ్లి, పటాలన్నీ చుట్టి రాకుండా రెండు మూడింటి దగ్గరే ఎక్కువసేపు ఉండండి. బాగుందా అని అడగకండి, ఏం కనిపిస్తోందని అడగండి. మీకు కనిపించింది కూడా వేలు పెట్టి చూపించండి. తీరిక ఉంటే నరసాపురం దాకా వచ్చి ఒక లేసు గుడ్డను తిరగేసి చూడండి. అతుకు ఎక్కడుందో ఆమెను వెతకమనండి.