పాత కాగితాలవాడికి అమ్మేసిన సాక్ష్యం

సందేహం: గత శాసనసభ ఎన్నికల్లో మా కాలనీవాళ్లమంతా ఒక పార్టీ అభ్యర్థి కోసం పనిచేశాం. నేను నెల రోజులు ఉద్యోగానికి సెలవు పెట్టి ఇల్లిల్లూ తిరిగాను. గెలిచిన కొద్ది నెలలకే ఆయన వేరే పార్టీ కండువా కప్పుకున్నారు. లోక్‌సభ ఎన్నికలప్పుడు ఆ కొత్త పార్టీ అభ్యర్థికి ఓటేయమని మా గేటు దగ్గరకే వచ్చి కరపత్రాలు పంచారు. నిలదీస్తే ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే’ అన్నారు. ఆయన్ను టీవీలో చూస్తే మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. పార్టీ మారినవాళ్లు రాజీనామా చేసి మళ్లీ ప్రజల ముందుకు రావాలి కదా? కోర్టు ద్వారా ఎన్నిక పెట్టించవచ్చా? అసోసియేషన్ తరఫున చీటింగ్ కేసు పెడదామని ఒక మిత్రుడు అంటున్నాడు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సలహా: మీ ఉత్తరం ఏడు పేజీలు. పైన వేసింది దాని సారాంశం మాత్రమే. ఆరు పేజీల నిండా మీ బాధే ఉంది. కేసుకు పనికొచ్చే వాక్యం అయిదో పేజీలో ఒక్కటంటే ఒక్కటి కనిపించింది. ఆయన పేరు, ఫొటో, సంతకం ఉన్న కరపత్రాన్ని ఆయనే మీ చేతికి ఇచ్చారు. దాని కిందే మీరు ఇంకో మాట రాశారు: ‘దీపావళికి ఇల్లు సర్దుతూ పాత కాగితాలవాడికి వేసేశాం.’ నెల రోజులు సెలవు పెట్టి తిరగగలిగిన మనిషికి ఒక్క కాగితం దాచుకోవాలని తోచలేదు!

పార్టీ మారినంత మాత్రాన మళ్లీ ఎన్నికకు వెళ్లి తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. ఓటర్లు ఎమ్మెల్యేను వెనక్కి పిలిచే హక్కు కూడా లేదు. ఉన్నదల్లా 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు. ఎన్నికల్లో నిలబెట్టిన పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నా, విప్‌ను (సభలో ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని) ధిక్కరించి ఓటేసినా అనర్హత వస్తుంది. అనర్హుడని స్పీకర్ తేలిస్తే సీటు ఖాళీ అవుతుంది, ఖాళీ అయితే ఉప ఎన్నిక వస్తుంది. మీరు మొదటి మెట్టు ఎక్కకుండా మూడో మెట్టు మీద కూర్చోవాలనుకుంటున్నారు. సీటు ఖాళీ కాకుండా ఎన్నిక పెట్టమని ఏ హైకోర్టూ ఆదేశించదు.

కాబట్టి మీ కేసును తేల్చే ప్రశ్న ఒక్కటే: ఆయన పాత పార్టీని వదులుకున్నట్లు మీరు రుజువు చేయగలరా? ‘ఆయన రాజీనామా చేయలేదు కదా’ అని దిగులుపడ్డారు. ఆ దిగులు అక్కరలేదు. రాజీనామా లేఖ లేకపోయినా నడవడికను బట్టి సభ్యత్వం వదులుకున్నట్లు భావించవచ్చని సుప్రీంకోర్టు రవి నాయక్ కేసులో 1994లోనే చెప్పింది. కానీ మీరు జతచేసిన కండువా ఫొటో ఒక్కదానితో పని జరగదు. ‘మర్యాద కోసం కప్పారు, కాదనలేకపోయాను, నేను ఇప్పటికీ పాత పార్టీలోనే ఉన్నాను’ అని ఆయన కౌంటరు వేస్తారు. సొంత పార్టీ అభ్యర్థి పోటీలో ఉండగా ఎదుటి పార్టీకి ఓటేయమని సంతకంతో అచ్చువేసిన కాగితానికి మాత్రం అలాంటి సంజాయిషీ కుదరదు. ఫొటో ఒక్కటే ఉంటే ‘నాకు తెలియకుండా వేసుకున్నారు’ అనేవారు. సంతకం ఉంది, పైగా స్వయంగా పంచారు. కండువాను పక్కన పెట్టి ఆ కరపత్రం వెంట పడండి.

అది పోయిందని గుండెలు బాదుకోకండి, దారి ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామాలతో సహా ఉండాలి. వేయించిన వ్యక్తి తానెవరో తెలుపుతూ, తనను ఎరిగిన ఇద్దరి ధ్రువీకరణతో ప్రెస్‌కు ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రకటన ప్రతి ఒకటి, కరపత్రం ప్రతి ఒకటి ప్రెస్ యజమాని అధికారులకు పంపాలి. రాష్ట్ర రాజధానిలో అచ్చయితే ప్రధాన ఎన్నికల అధికారికి, మరోచోట అయితే జిల్లా మేజిస్ట్రేటుకు. అంటే మీరు అమ్మేసిన కాగితానికి తోబుట్టువు ఒకటి ప్రభుత్వ ఫైలులో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దాని నకలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అయితే ఎన్నికల కాగితాలను ఎల్లకాలం దాచిపెట్టరు. మీ బద్ధకం వల్ల ఇప్పటికే చాలా కాలం పోయింది.

వీడియో సంగతి. మీ వాట్సాప్‌కు వచ్చింది నాలుగు చేతులు మారిన నకలు. అసలు తీసినది పక్కింటి అబ్బాయి ఫోనులో ఉందన్నారు. అతను ఆ ఫోను మార్చేయకముందే అసలు ఫైలు భద్రం చేయించండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ధ్రువపత్రం ఉండాలి. అందులో ఒక భాగం ఆ అబ్బాయి, మరో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. పత్రికల కత్తిరింపులు పెట్టండి, తప్పులేదు. కానీ వాటంతట అవి రుజువు కావు. గేటు దగ్గర నిలబడి చూసింది మీరు, కరపత్రం అందుకున్నది మీరు. తేదీ, సమయం, ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్లు రాసిన మీ అఫిడవిట్ విలువ ఆ కత్తిరింపులన్నిటికంటే ఎక్కువ.

ఇక కాలపరిమితి. ఎన్నికను సవాలు చేసే పిటిషన్‌కు ఫలితం వెలువడిన నాటి నుంచి 45 రోజులే గడువు. అది ఎప్పుడో దాటింది. దాటకపోయినా గెలిచాక పార్టీ మారడం ఆ పిటిషన్‌కు కారణం కాదు. స్పీకర్ ముందు వేసే అనర్హత పిటిషన్‌కు పదో షెడ్యూలులో గడువు లేదు. అది విని చాలామంది నిద్రపోతారు. అసలు గడియారం వేరే గోడ మీద ఉంది. ప్రస్తుత తెలంగాణ శాసనసభ 2023 డిసెంబరులో కొలువుదీరింది, అయిదేళ్ల గడువు 2028 డిసెంబరుతో ముగుస్తుంది. ఖాళీ అయిన సీటుకు ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలన్న ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఎ సెక్షన్, మిగిలిన పదవీకాలం ఏడాదికి లోపు ఉంటే వర్తించదు. అంటే 2027 డిసెంబరు దాటాక స్పీకర్ ఆయన్ను అనర్హుడని తేల్చినా మీరు కోరుకునే ఎన్నిక రాకపోవచ్చు. మధ్యలో స్పీకర్ దగ్గర, హైకోర్టులో గడిచే నెలలను కూడా ఇందులోనుంచే తీసేసుకుని లెక్క వేసుకోండి.

మీ మిత్రుడి చీటింగ్ కేసు గురించి ఎక్కువ చెప్పను. ఎన్నికల హామీని అప్పుపత్రంలా చూడదు చట్టం. పోలీసులు తీసుకోరు, మీ సమయం పోతుంది. నన్ను భయపెట్టింది అది కాదు, ఉత్తరం చివర మీరు మామూలుగా రాసేసిన రెండు ఆలోచనలు. మెయింటెనెన్సు రిజిస్టరు చూసి ఫ్లాట్లవాళ్లందరి సంతకాలూ మీరే పెడతారా? వీడియో మీద తేదీ కనబడటం లేదని ఎవరిచేతనో తేదీ అతికిస్తారా? ఊళ్లో లేనివాళ్ల సంతకం పెడితే అది ఫోర్జరీ. న్యాయ విచారణలో వాడేందుకు తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత కింద ఏడేళ్ల వరకు జైలు. పార్టీ మారిన ఆయన హాయిగా సభలో కూర్చుంటారు, మీరు బెయిలు కోసం నాంపల్లి కోర్టు మెట్లు ఎక్కుతారు. ఒక్కరి సంతకం చాలు. అది నిజమైనదై ఉండాలి.

ఒక్క ఓటరు పిటిషన్ వేయవచ్చా అంటే, వేయవచ్చు. సభ్యులు మాత్రమే ఫిర్యాదు చేయాలన్న ఒడిశా శాసనసభ నియమానికి సుప్రీంకోర్టు 2013లో సడలించి అర్థం చెప్పింది. ఆసక్తి ఉన్న ఏ వ్యక్తి అయినా సభ్యుడి అనర్హతను స్పీకర్ దృష్టికి తేవచ్చని చెప్పింది. పిటిషన్‌లో ఆ తీర్పును తప్పకుండా ఉదహరించండి, లేకపోతే గుమాస్తా స్థాయిలోనే తిప్పి పంపిస్తారు. దానికంటే ముందు ఆయన మీద ఇదివరకే ఎవరైనా పిటిషన్ వేశారేమో, నిర్ణయం వెలువడిందేమో శాసనసభ కార్యాలయంలో కనుక్కోండి. వెలువడి ఉంటే మీ దారి కొత్త పిటిషన్ కాదు, ఆ ఉత్తర్వుపై హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ప్రశ్నించే పిటిషన్). ఎంతమంది కలిసి వెళ్లారో కూడా లెక్కపెట్టండి. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతులు ఉంటే విలీనం అంటారు, అప్పుడు అనర్హత వర్తించదు. 2019 జూన్‌లో మన శాసనసభలో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో కలిసింది ఆ లెక్కతోనే.

పిటిషన్ మీద, ప్రతి జతపత్రం మీద సంతకం, ధ్రువీకరణ ఉండాలి. శాసనసభ కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు వెళ్లి రసీదు వచ్చేలా పంపండి. ఆ రసీదునైనా పాత కాగితాలవాడికి వేయకండి. మూడు నెలలు చూడండి. ఆ లెక్క నాది కాదు. అసాధారణ పరిస్థితులుంటే తప్ప మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలోని పదిమంది ఎమ్మెల్యేల పిటిషన్లలోనూ 2025 జూలై 31న స్పీకర్‌కు అంతే గడువు విధించింది. అప్పటికీ కదలిక లేకపోతే నిర్ణయం తీసుకోమని ఆదేశించాలంటూ హైకోర్టులో రిట్ వేయవచ్చు. నిర్ణయం ఫలానా విధంగా ఉండాలని మాత్రం అడగలేరు.

‘మళ్లీ ప్రజల ముందుకు రావాలి కదా’ అని నా అభిప్రాయం అడిగారు. రావాలి. రాజీనామా ఇచ్చి రావాలి. 2021లో హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్ అలాగే వచ్చి గెలిచారు, 2022లో మునుగోడులో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి అలాగే వచ్చి ఓడారు. జనం తీర్పు అటూ ఉంటుంది, ఇటూ ఉంటుంది. కర్ణాటకలో 2019లో అనర్హత పడ్డ ఎమ్మెల్యేలలో చాలామంది అదే ఏడాది ఉప ఎన్నికల్లో కొత్త పార్టీ గుర్తుపై గెలిచి వచ్చారు. మీరు ఇంత కష్టపడి తెచ్చుకునే ఉప ఎన్నికలో ఆయనే మళ్లీ గెలవవచ్చు. దానికి సిద్ధపడే కాగితాలు కదపండి.

సమాచార హక్కు దరఖాస్తు ఈ వారమే వేయండి. జవాబు వచ్చేలోగా ఇంట్లో మరొకసారి వెతకండి. మందపాటి రంగు కాగితాన్ని అమ్మగారు పారేసి ఉండకపోవచ్చు. వంటింట్లో డబ్బాల కింద, అరల్లో పరిచి ఉంటుందేమో చూడండి.