ఏ రాష్ట్రం కొవిడ్‌ను మెరుగ్గా ఎదుర్కొంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 23 లక్షలకు పైగా కేసులు, తెలంగాణలో 8 లక్షల పైచిలుకు. అంటే తెలంగాణ మూడు రెట్లు బాగా కట్టడి చేసినట్టేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ లెక్కతో అలా తేల్చలేమండీ. సోకినవాళ్లలో పరీక్షకు దొరికినవాళ్లెందరో మాత్రమే కేసుల సంఖ్య చెబుతుంది. అసలు ఎంతమందికి సోకిందో తెలియాలంటే సీరో సర్వే, అంటే రక్తంలో వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలున్నాయేమో చూసే సర్వే, చూడాలి. 2021 జూన్–జులైలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన నాలుగో సర్వేలో యాంటీబాడీలు కనిపించింది ఆంధ్రప్రదేశ్‌లో 70.2 శాతం మందికి, తెలంగాణలో 63.1 శాతానికి, కేరళలో 44.4 శాతానికి. అత్యధికం మధ్యప్రదేశ్, 79 శాతం.

ఈ శాతాన్ని జనాభాతో హెచ్చించి, అప్పటికి నమోదైన కేసులతో భాగిస్తే, యాంటీబాడీలున్న ఎంతమందిలో ఒకరు లెక్కకెక్కారో స్థూలంగా తెలుస్తుంది. కేరళలో ఐదారుగురికి ఒకరు, ఆంధ్రప్రదేశ్‌లో 18 మందికి అటూఇటుగా ఒకరు, తెలంగాణలో 30 మందికి పైగా ఉంటే ఒకరు. వైరస్ వ్యాప్తిలో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య తేడా స్వల్పం. పెద్ద తేడా వెతికి పట్టుకోవడంలోనే ఉంది.

ఒక జాగ్రత్త. ఈ యాంటీబాడీల్లో టీకా వల్ల వచ్చినవీ కలిసి ఉన్నాయి. పైగా సర్వే రాష్ట్రమంతా జరగలేదు. తెలంగాణలో నల్గొండ, కామారెడ్డి, జనగామ, ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లోనే నమూనాలు తీశారు. హైదరాబాద్ అందులో లేదు. కాబట్టి దశాంశాలను పట్టుకుని వాదించుకోవద్దు, దిశను మాత్రం నమ్మవచ్చు.

పట్టుకోవడంలో తేడా ఎందుకు వచ్చిందంటే, మొదటి కారణం పరీక్షల సంఖ్య. తొలి నెలల్లో తెలంగాణ చాలా తక్కువ పరీక్షలు చేసింది. హైకోర్టు పదే పదే మందలించింది. రెండోది పరీక్ష రకం. 2020 జులై నుంచి అక్కడ ర్యాపిడ్ యాంటిజెన్ మీద ఎక్కువగా ఆధారపడ్డారు. అరగంటలో ఫలితం వస్తుంది, అది నిజమైన లాభమే. కానీ ఐసీఎంఆర్ తొలి మదింపులోనే ఆ కిట్ సున్నితత్వం 50.6 నుంచి 84 శాతం అని తేలింది. అంటే వైరస్ ఉన్న 100 మందిలో 16 నుంచి 49 మంది వరకు నెగెటివ్‌గా ఇంటికి వెళ్లిపోతారు. అందుకే లక్షణాలుండి ర్యాపిడ్‌లో నెగెటివ్ వచ్చినవారికి తప్పనిసరిగా ఇంకా కచ్చితమైన ల్యాబ్ పరీక్ష ఆర్‌టీపీసీఆర్ చేయాలన్నారు. చాలాచోట్ల ఆ రెండో మెట్టునే వదిలేశారు. తమిళనాడు దాదాపు పూర్తిగా ఆర్‌టీపీసీఆర్‌కే కట్టుబడింది. ఆంధ్రప్రదేశ్‌కు 50 ఇళ్లకు ఒక వాలంటీరు చొప్పున అప్పట్లో ఉన్న వ్యవస్థ ఇంటింటి జ్వర సర్వేకు బాగా పనికొచ్చింది.

ప్రశ్న: కేరళను అందరూ మెచ్చుకున్నారు. 2021 ఆగస్టుకి దేశంలో సగానికి పైగా కొత్త కేసులు అక్కడే వచ్చాయి కదా?
– ఒక అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ 44.4 శాతమే దీనికి జవాబు. మిగతాచోట్ల రెండో వేవ్‌లోనే మూడింట రెండు వంతుల మందికి యాంటీబాడీలు వచ్చేశాయి. కేరళలో సగానికి పైగా జనం ఇంకా వైరస్ తాకనివారు. వారికి ఆలస్యంగా సోకింది, ఆలోగా చాలామందికి టీకా పడింది. 60 ఏళ్లు దాటినవారు కేరళలో 16.5 శాతం, బిహార్‌లో 7.7 శాతం. వయసు తేడా చూడకుండా మరణాల రేటు పోల్చడం అన్యాయం.

కేరళ తీరులో లోపాలూ ఉన్నాయి. ఇరుకిళ్లలో హోం ఐసొలేషన్ వల్ల ఇంటిల్లిపాదికీ సోకింది. స్థానిక సంస్థల వారీ ఆంక్షలను పాజిటివిటీ రేటుతో (చేసిన పరీక్షల్లో పాజిటివ్ వచ్చిన శాతం) ముడిపెట్టడం మరో పొరపాటు. ఆరోగ్యవంతులకు ఎక్కువ పరీక్షలు చేస్తే ఆ రేటు దానంతటదే తగ్గిపోతుంది. అందుకే 2021 ఆగస్టులో ప్రతి వెయ్యి జనాభాకు వారంలో వచ్చిన కేసుల లెక్కకు మారారు.

ప్రశ్న: ఆక్సిజన్ దొరక్క ప్రాణాలు పోయాయి. కొన్ని చోట్ల మాత్రం ఎలా నెగ్గుకొచ్చారు?
– ఒక నర్సు, తిరుపతి

జవాబు: తయారీ కంటే రవాణా, నిల్వ దగ్గరే ఎక్కువ దెబ్బతిన్నాం. విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ ఉంది, మహారాష్ట్రలో ట్యాంకర్లున్నాయి. ఖాళీ ట్యాంకర్లను రైలెక్కించి విశాఖకు తెచ్చి నింపితే, తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ 2021 ఏప్రిల్ 22న బయల్దేరింది.

ఆసుపత్రి లెక్క మీకు తెలిసిందే. 7,000 లీటర్ల జంబో సిలిండర్ నిమిషానికి 10 లీటర్ల చొప్పున పదకొండున్నర గంటలు వస్తుంది. హై ఫ్లోలో, అంటే ముక్కు గొట్టంతో ఎక్కువ వేగంగా ఆక్సిజన్ ఇచ్చే పద్ధతిలో, 60 లీటర్లు పెడితే రెండు గంటలు కూడా రాదు. వార్డులో హై ఫ్లో పడకలు పెంచి ట్యాంకు పెంచకపోతే పైపులైన్లో పీడనం మామూలు 4 బార్ల నుంచి జారిపోతుంది, వెంటిలేటర్లు అలారం కొడతాయి. 2021 మే 10న మీ తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై పీడనం పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది పోయారు. ఆ రోజు సరిపడా బ్యాకప్ ఉండి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి.

మహారాష్ట్రలోని గిరిజన జిల్లా నందుర్బార్ మొదటి వేవ్ తగ్గగానే ఊరుకోకుండా గాలి నుంచి ఆక్సిజన్ తీసే ప్లాంట్లు పెట్టుకుంది. ముంబై 24 వార్డుల్లో వార్ రూములు పెట్టి, పాజిటివ్ రిపోర్టును ముందు అక్కడికే పంపించి, పడక కేటాయింపు వాళ్లకే అప్పగించింది. రోగి బంధువులు ఆసుపత్రుల చుట్టూ తిరగక్కర్లేకుండా చేసింది ఈ ఏర్పాటే.

ప్రశ్న: మరణాల సంఖ్య కంటే పరిహారం దరఖాస్తులు ఎక్కువెలా వచ్చాయి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నిర్వచనం మారినందువల్ల. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో జరిగిన మరణాన్ని ఇంట్లో జరిగినా కొవిడ్ కిందే చూడాలన్నారు. మరణ ధ్రువపత్రంలో కారణం వేరుగా రాసి ఉన్నా జిల్లా కమిటీకి వెళ్లవచ్చన్నారు. 50 వేల రూపాయల పరిహారం కోసం 2022 జనవరి నాటికి తెలంగాణలో దాదాపు 29 వేల దరఖాస్తులు వచ్చాయి. అప్పటికి అధికారిక మరణాలు 4 వేల లోపే. గుజరాత్‌లో 10 వేల మరణాలకు 89 వేలకు పైగా. కేరళలో మాత్రం మరణాల కంటే దరఖాస్తులే తక్కువ. ఎందుకంటే 2021 అక్టోబరు నుంచి అక్కడి ప్రభుత్వమే పాత మరణాలను వెతికి కలపడం మొదలుపెట్టింది. రాష్ట్రాల నిజాయితీ పోల్చడానికి మా దృష్టిలో ఇంతకంటే మంచి కొలబద్ద లేదు.

ప్రశ్న: వచ్చిన టీకాల కంటే కేరళ ఎక్కువ డోసులు వేసిందట. సాధ్యమా?
– ఒక ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: సాధ్యమే. 2021 మే మొదట్లో 73.38 లక్షల డోసులు అందితే 74.26 లక్షలు వేశారు. 5 మిల్లీలీటర్ల కొవిషీల్డ్ సీసాలో 10 డోసులని రాసి ఉన్నా తయారీదారు కాస్త ఎక్కువే నింపుతారు. సరిగ్గా ఒక డోసు, 0.5 మిల్లీలీటర్ల దగ్గర ఆగే సిరంజితో, గాలి బుడగ లేకుండా తీస్తే పదకొండోది వస్తుంది. రెండు సీసాల అడుగు మిగుళ్లు కలపడం మాత్రం నిషిద్ధం. తెరిచిన సీసాను 4 గంటల్లో వాడేయాలి కాబట్టి, పది మంది చేరాకే తెరిచిన కేంద్రాల్లో వృథా దాదాపు ఉండలేదు.