చెరువు అడుగున గుల్లలు, వెనక్కు తగ్గిన సముద్రాలు

ప్రశ్న: మాది ముమ్మిడివరం ప్రాంతం. రొయ్యల చెరువు లోతు చేయిస్తుండగా నల్లటి బంకమట్టిలో బుడిత గుల్లలు గంపలకొద్దీ బయటపడ్డాయి. సముద్రం ఒకప్పుడు ఇక్కడి వరకు ఉండి తగ్గిపోయిందనుకోవచ్చునా? సముద్రం అలా తగ్గినప్పుడల్లా గుల్లల వంటి వెన్నెముక లేని జీవులు పెద్దయెత్తున అంతరించాయని చదివాను. అది ఎంతవరకు నిజం?

జవాబు: సముద్రం మీ ఊరి దగ్గర ఉండేదన్న మాట నిజమే కాని, అది వెనక్కు జరగడానికి కారణం నీటిమట్టం తగ్గడం కన్నా గోదావరి తెచ్చిన ఒండ్రు. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్న రోజుల్లో, సముద్రమట్టం నేటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. ఆ మంచు కరిగి, ఇంచుమించు 7,000 ఏళ్ల కిందటికి నీరు ఇప్పటి మట్టం దరిదాపులకు చేరిన తరువాత, నది ఒండ్రు వేసుకుంటూ ఒడ్డును ముందుకు జరిపి డెల్టాను కట్టింది. కోనసీమలో తీరానికి సమాంతరంగా సాగే పాత ఇసుక దిబ్బలు ఒకనాటి ఒడ్డులే.

ఇక అంతరించడం సంగతి. సముద్రంలోని అకశేరుకాలలో చాలా జాతులు లోతులేని నీటిలో ఉంటాయి కాబట్టి, నీరు తగ్గితే వాటి చోటు కుంచించుకుపోతుందని, చోటు తగ్గితే జాతులూ తగ్గుతాయని 1960లలో అమెరికా శిలాజ శాస్త్రవేత్త నార్మన్ న్యూవెల్ వంటివారు గట్టిగా వాదించారు. వినడానికి ఇది తిరుగులేని తర్కంలా ఉంటుంది, లెక్క వేస్తే మాత్రం బలహీనపడుతుంది. జాతుల సంఖ్య విస్తీర్ణపు నాలుగో మూలాన్ని (వర్గమూలానికి మళ్లీ వర్గమూలం) అనుసరిస్తుందని స్థూలంగా అనుకుంటే, చోటు సగానికి తగ్గినప్పుడు పోయేవి సుమారు 16 శాతం జాతులే. పైగా సముద్రం నడుమ శంకువులా లేచిన దీవి చుట్టూ నీరు తగ్గితే లోతులేని చోటు పెరగనూ వచ్చు. మంచుయుగాలలో సముద్రం వంద మీటర్లకు పైగా పలుమార్లు దిగి లేచినా, ప్రపంచమంతటా గుల్లల జాతులు పెద్దయెత్తున నశించిన జాడ లేదు. ఒడ్డుతోపాటు అవీ కిందికి దిగి, మళ్లీ పైకి వచ్చాయి.

అయితే సుమారు 44.5 కోట్ల ఏళ్ల కిందట, ఆర్డోవిషియన్ యుగాంతంలో, సముద్రజీవుల జాతులలో దాదాపు 85 శాతం ఎందుకు పోయాయి? అప్పటి సముద్రాలు నేటిలా ఖండాల అంచులకే పరిమితమైనవి కావు. ఖండాల మీదికే పరుచుకున్న, బల్లపరుపు అడుగున్న నిస్సార జలాలు. దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్న గోండ్వానా అనే మహాఖండం మీద, నేటి సహారా ప్రాంతంలో, మంచు పేరుకుని మట్టం పడిపోయేసరికి ఆ విశాలమైన సముద్రాలు ఎండిపోయాయి. గుల్లల్లా రెండు చిప్పలుండే బ్రాకియోపోడ్లు, కీళ్ల కాళ్లుండే ట్రైలోబైట్లు, గుంపులు కట్టి నీటిలో తేలే గ్రాప్టోలైట్లు చెప్పలేనంత దెబ్బతిన్నాయి. కాని ఆ నష్టాన్ని నీటిమట్టం ఒక్కదాని ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే నీటితోపాటు ఉష్ణోగ్రత కూడా పడిపోయింది, అంతరించడపు రెండో విడతలో, అంటే మంచు తిరిగి కరిగినప్పుడు, సముద్రపు నీటిలో ప్రాణవాయువు కొరవడింది.

ఇంకొక చిక్కు ఉంది. సముద్రం తగ్గిన చోట అవక్షేపం (నీటి అడుగున పేరుకుని రాయిగా మారే మట్టి, ఇసుక) చేరదు, ఉన్నదీ కోసుకుపోతుంది. దస్తావేజులో పుటలు చిరిగితే అందులోని మనుషులు చనిపోయినట్లు కాదు గదా! కాబట్టి శిలాజాలు ఉన్నట్టుండి మాయమైనచోట జీవులు పోయాయా, రాయి పోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ రెంటికీ సముద్రపు కదలికే ఉమ్మడి కారణం కావచ్చునన్న వాదానికి అమెరికా భూవిజ్ఞాని షానన్ పీటర్స్ 2008లో ప్రచురించిన పరిశోధన ఊతమిచ్చింది.

అలాంటి పుటలు కొన్ని మీకు దగ్గరలోనే మిగిలాయి. రాజమహేంద్రవరం చెంత కాతేరు వద్ద దక్కన్ లావా (ఒకనాడు దక్కన్ పీఠభూమిని కప్పిన అగ్నిపర్వత శిల) పొరల నడుమ సున్నపురాయి ఉంది. అందులోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల శిలాజాలు సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు అక్కడ సముద్రపు నీరు ఉండేదని చెబుతాయి.

మీ గుల్లల విషయానికి వస్తే, రెండు చిప్పలూ అతుక్కునే ఉండి, బంకమట్టిలో నిలువుగా దొరికితే అవి అక్కడే బతికి చనిపోయినవి. విడివిడి చిప్పలు, అంచులు అరిగి, ఇసుకతో కలిసి ఉంటే అలలు ఎక్కడినుంచో తెచ్చి పడేసినవి. సున్నం బట్టీకి పంపే ముందు ఒక గంపెడు పక్కన పెట్టి చూడండి.