గొడుగు, తాళంచెవులు ఉన్న ఈ వెండి నాణెం ఎవరిది?

ప్రశ్న: మా జేజి నర్సుగా పనిచేసేది. ఆమె పెట్టెలో ఒక వెండి నాణెం దొరికింది. ఒకవైపు పావురం, రెండోవైపు డాలు, దాని మీద గొడుగు, అడ్డంగా రెండు తాళంచెవులు, రోమన్ అంకెల్లో 1939. పోపుగారి నాణెం అంటున్నారు గానీ పోపు బొమ్మే లేదు. నెల్లూరులో వెండి అంగట్లో తూకం వేస్తే పది గ్రాములు తూగింది, కరిగించి పాప పట్టీల్లో కలుపుతామన్నారు. ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఇవ్వొద్దమ్మా, దయచేసి. మీరు చెప్పిన గుర్తులన్నీ వాటికన్ 1939లో వేసిన పది లీరాల నాణేనికి సరిపోతున్నాయి. పోపు బొమ్మ లేదంటే, అప్పుడు పోపే లేరు కాబట్టి. ఆ ఫిబ్రవరి 10న పదకొండో పయస్ చనిపోయారు, మార్చి 2న కొత్త పోపును ఎన్నుకున్నారు, ఈ నాణెం ఆ మధ్య రోజుల పేరు మీద వేసింది. పోపు పీఠం ఖాళీగా ఉన్నప్పుడు చర్చి ఆస్తిపాస్తులు చూసుకునే కార్డినల్‌ను (పోపు తర్వాతి స్థాయి మతపెద్దను) కామెర్లెంగో అంటారు, ఆ డాలు ఆయన వంశానిదే, పైనున్న గొడుగు పీఠం ఖాళీగా ఉందనడానికి గుర్తు. వాటికన్ దేశం 1929లో ఏర్పడింది గానీ ఈ ఆనవాయితీ అంతకు ఎన్నో తరాల ముందుది. 1740లో ఎన్నిక ఆరు నెలలు సాగితే అప్పుడూ ఇలాగే నాణేలు వేశారు, 1978లో ఒకే ఏడు ఇద్దరు పోపులు పోయేసరికి రెండుసార్లు వెయ్యాల్సి వచ్చింది.

మీ నాణెంలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇంకోటుంది. 1939లో ఆ కామెర్లెంగో యూజీనియో పచెల్లి. పోపు లేని రోజులకు గుర్తుగా ఎవరి డాలు నాణెం మీదికి ఎక్కిందో, ఆయనే మార్చి 2న, అదీ తన పుట్టినరోజునే, పోపుగా ఎన్నికై పన్నెండో పయస్ అయ్యారు! భూతద్దం పెట్టి ఆ డాలు చూడండి, ఆలివ్ కొమ్మ పట్టుకున్న చిన్న పావురం కనిపించాలి, అది పచెల్లి వాళ్ల గుర్తు.

ఇక పట్టీల సంగతి. ఇందులో వెయ్యికి 835 పాళ్లే వెండి, అంటే కరిగిస్తే మీకు దక్కేది ఎనిమిది గ్రాముల పైచిలుకు, దానికోసం ఇలాంటిది పోగొట్టుకుంటారా? నల్లబడిందని విభూతితోనో చింతపండుతోనో మాత్రం తోమకండి, గీతలు పడితే నాణేలు సేకరించేవాళ్లు సగం ధర కూడా ఇవ్వరు. అంచులు పట్టుకుని తీసి మెత్తని కాగితంలో చుట్టి పెట్టండి. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే పాత నాణేలు కొనేవాళ్లకు, అదీ ఇద్దరు ముగ్గురికి చూపించాకే అమ్మండి.